జూన్‌లో అవసరం, మార్చిలో నిధులు: తరగతి గది సామగ్రి ఖర్చును తగ్గించుకునే లెక్క

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ బడులు సాధారణంగా జూన్ 12న తెరుచుకుంటాయి. ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుల సొంత ఖర్చు కూడా ఆ వారంలోనే మొదలవుతుంది. ఒక చాక్‌పీసుల పెట్టె, ఒక డస్టరు, నాలుగు చార్టులు, ఒక స్కెచ్ పెన్నుల ప్యాకెట్టు, గమ్ము సీసా, పలక తెచ్చుకోని ఇద్దరు ముగ్గురు పిల్లలకు పలకలు, మిగిలిన వారిలో కొందరికి పెన్సిళ్లు కొనాల్సి వస్తుంది. విడివిడిగా చూస్తే వీటిలో ఏదీ చెప్పుకోదగ్గ మొత్తం కాదు కాబట్టి ఎవరూ రాసిపెట్టుకోరు. ఏప్రిల్‌లో బడి మూసే నాటికి మొత్తం ఎంతయిందో కొన్నవారికే తెలియదు. మన పెద్దలు ఇలాంటి వ్యవహారాన్ని చేతి చమురు భాగవతం అన్నారు. ఆ చమురు ఎక్కడ కారుతోందో చూసుకుంటే తప్ప దాన్ని ఆపలేం.

ఖర్చు తగ్గించుకోవడం అనగానే చవక దుకాణం ఎక్కడుందని అడగడం అలవాటు. నా అనుభవంలో అది మూడో ప్రశ్న. ఈ వస్తువుకు డబ్బు ఎవరు పెట్టాలన్నది మొదటి ప్రశ్న. కొన్న వస్తువు పిల్లల చేతుల్లోకి వెళ్తుందా, గోడకు వేలాడుతుందా అన్నది రెండోది. ఈ రెండింటికీ నిజాయితీగా జవాబు చెప్పుకున్నాక దుకాణానికి తీసుకెళ్లాల్సిన జాబితా సగానికి సగం తగ్గిపోతుంది.

డబ్బు ఎవరిది

2009 నాటి విద్యాహక్కు చట్టం తన షెడ్యూలులో ఈ విషయాన్ని స్పష్టంగానే చెప్పింది. ప్రతి తరగతికీ అవసరమైన మేరకు బోధనాభ్యసన సామగ్రి ఉండాలి. ప్రతి బడికీ దినపత్రికలు, పత్రికలు, కథల పుస్తకాలతో కూడిన గ్రంథాలయం ఉండాలి. ఆట వస్తువులు ఉండాలి. అంటే తరగతి గదిలో చార్టు, పూసల చట్రం, కథల పుస్తకం ఉండటం ఉపాధ్యాయుడి దయాదాక్షిణ్యాలకు వదిలేసిన సంగతి కాదు, అది బడికి చట్టం ఇచ్చిన హక్కు. సొంత డబ్బు పెట్టే అలవాటు ఎంత మంచి మనసుతో మొదలైనదైనా, ఈ హక్కును అడగడం మానేసేలా చేస్తే దాని వల్ల నష్టపోయేది మన తరవాత ఆ బడికి వచ్చే ఉపాధ్యాయుడు, పిల్లలు.

ఈ నిధుల కథలో ఒక మలుపు ఉంది. చాలామంది ఉపాధ్యాయుల అయోమయానికి అదే మూలం. 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకం బడులకు సామగ్రిని పెట్టెలుగా పంపింది. 1990ల్లో జిల్లా ప్రాథమిక విద్యా పథకం, తరవాత సర్వశిక్షా అభియాన్ వచ్చినప్పుడు పద్ధతి మారి, ప్రతి ఉపాధ్యాయుడికీ ఏడాదికి 500 రూపాయల టీచర్ గ్రాంటు అందింది. దానికి తోడు బడికి విడిగా స్కూలు గ్రాంటు, మరమ్మతుల గ్రాంటు ఉండేవి. ఆ 500 రూపాయలతో చార్టులు, అట్టలు కొని టీఎల్‌ఎం (బోధనాభ్యసన సామగ్రి) మేళాలకు నమూనాలు తయారుచేసిన తరం ఇప్పటికీ ఉద్యోగంలో ఉంది. 2018లో సమగ్ర శిక్ష పథకం వచ్చినప్పుడు ఈ విడి గ్రాంటుల స్థానంలో అన్నిటినీ కలిపిన కాంపోజిట్ స్కూల్ గ్రాంటు వచ్చింది. మొత్తం చూస్తే డబ్బు పెరిగింది. కానీ ఉపాధ్యాయుడి పేరున విడిగా వచ్చే డబ్బు పోయింది. ఇప్పుడు ఆ మొత్తం బడి పేరున వస్తుంది, అడిగిన తరగతికి అందుతుంది. ఇద్దరు ముగ్గురు ఉపాధ్యాయులున్న బడిలో ఒకరు తమకు ఏం కావాలో రాసి ఇవ్వకపోతే, ఆ తరగతి వాటా కూడా రంగులకో కుళాయి మరమ్మతుకో వెళ్లిపోతుంది. ఇందులో ప్రధానోపాధ్యాయుడి తప్పు లేదు, అడగని అవసరం ఆయనకు కనిపించదు.

ఎంత వస్తుందో చూద్దాం. ఇప్పుడున్న కేంద్ర నిబంధనల ప్రకారం 30 మంది వరకు పిల్లలున్న బడికి ఏటా 10,000 రూపాయలు, 31 నుంచి 100 మంది వరకు 25,000, 101 నుంచి 250 వరకు 50,000, 251 నుంచి 1,000 వరకు 75,000, ఆపైన లక్ష రూపాయలు. ఇందులో కనీసం పదో వంతు స్వచ్ఛతా పనులకు పెట్టాలి. 24 మంది పిల్లలున్న ఒక పల్లెబడిని తీసుకుంటే, వచ్చే 10,000లో 1,000 పరిశుభ్రతకు పోతుంది. రిజిస్టర్లు, కరెంటు బిల్లు, ఆగస్టు 15, జనవరి 26 ఖర్చులు, తలుపు గడియలు, ఫ్యాను మరమ్మతులు కూడా ఇందులోంచే కావాలి. ఐదు తరగతుల బోధనా సామగ్రికి చివరికి మూడు నాలుగు వేలు మిగిలితే అదే గొప్ప. అదే బడిలో మరో ఏడుగురు పిల్లలు ఉండి ఉంటే 25,000 వచ్చేది. పిల్లలు తగ్గిన చిన్న బడుల్లో పనిచేసేవారే సొంత డబ్బు ఎక్కువగా ఎందుకు పెడుతున్నారో ఈ ఒక్క లెక్క చెబుతుంది. గోడలూ ఫ్యాన్లూ రిజిస్టర్లూ పిల్లల సంఖ్యను బట్టి తగ్గవు కదా.

మొత్తం ఒక సమస్య అయితే, అది వచ్చే కాలం అంతకంటే పెద్ద సమస్య. గ్రాంటు సాధారణంగా రెండు విడతల్లో వస్తుంది. 2021 జులైలో వచ్చిన పద్ధతితో ఒక్కో కేంద్ర పథకం నిధులు రాష్ట్రంలో ఆ పథకానికి ఉన్న ఒకే నోడల్ ఖాతాలో చేరడం మొదలైంది. బడి ఖాతాలో నిల్వ ఉండదు, ఖర్చు పెట్టుకోగల పరిమితి మాత్రమే ఉంటుంది. ప్రభుత్వ చెల్లింపుల ఆన్‌లైన్ వ్యవస్థ పీఎఫ్‌ఎంఎస్ ద్వారా చెల్లింపు చేస్తే డబ్బు నేరుగా అమ్మినవారి బ్యాంకు ఖాతాలో పడుతుంది. మార్చి 31 దాటితే వాడని పరిమితి వెనక్కి పోతుంది. అంటే అవసరం జూన్‌లో పుడుతుంది, నిధులు చాలాసార్లు ఆర్థిక సంవత్సరం చివరి నెలల్లో చేతికి అందుతాయి. ఈ రెంటి మధ్య ఉన్న ఎనిమిది తొమ్మిది నెలలనూ ఉపాధ్యాయుడి జీతం మోస్తోంది. సొంత నగదుతో కొని, తరవాత గ్రాంటులో రాబట్టుకుందామనుకున్న చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు. బిల్లు లేని సామాను, బ్యాంకు ఖాతా వివరాలు ఇవ్వని చిన్న దుకాణం, పాత తేదీ రసీదు, వీటిలో ఏ ఒక్కదానివల్లనైనా ఆ డబ్బు తిరిగి రాదు.

దీనికి నాకు తెలిసినంతలో పనిచేసే ఉపాయం ఒకటే. మార్చిలో వచ్చే డబ్బును ఆ మార్చి కోసం కాకుండా వచ్చే జూన్ కోసం ఖర్చు పెట్టాలి. పరిమితి విడుదలైన తరవాత పది రోజుల్లో ఖర్చు చూపాలన్న హడావిడిలో కనిపించినవన్నీ కొనే బదులు, జనవరిలోనే ప్రతి తరగతి ఉపాధ్యాయుడూ జూన్ నుంచి డిసెంబరు వరకు కావాల్సిన వాటి జాబితా రాసి పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశంలో తీర్మానం చేయించుకుని ఉంచాలి. ఆ కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉంటారు. గ్రాంటు వినియోగాన్ని చూడటం చట్టం వారికి ఇచ్చిన పని. చాక్‌పీసులు, చార్టులు, గమ్ము, ప్లాస్టిక్ కవర్లు, పలకలు మూడు నెలల్లో పాడయ్యే సరుకులు కావు. తేమ తగలకుండా, ఎలుకలు కొరకకుండా బీరువాలో ఉంటే చాలు. ఒక్క ఏడాది ఈ చక్రాన్ని సరిచేసుకుంటే తరవాతి సంవత్సరాల్లో జూన్ ఖర్చు దానంతట అదే తగ్గుతుంది. ఆ మొదటి ఏడాది మాత్రం కష్టమే, ఎందుకంటే ఆ ఒక్క జూన్‌ను ఎవరో ఒకరు మోయక తప్పదు.

కాంపోజిట్ గ్రాంటు ఒక్కటే కాదన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి. గ్రంథాలయ పుస్తకాలకు ప్రాథమిక బడికి ఏటా 5,000 రూపాయల వరకు, ఆట సామానుకు మరో 5,000 వరకు సమగ్ర శిక్షలో విడి పద్దులున్నాయి. కథల పుస్తకాలను, తాడాట తాళ్లను కాంపోజిట్ గ్రాంటులోంచో సొంత డబ్బుతోనో కొనడమంటే ఒక పద్దు ఖాళీగా ఉండగా మరో పద్దును ఖాళీ చేసుకోవడం. ఆంధ్రప్రదేశ్‌లో సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర కిట్లలో పుస్తకాలు, నోటు పుస్తకాలు, సంచి వస్తున్నాయి. తెలంగాణలో పాఠ్యపుస్తకాలతో పాటు నోటు పుస్తకాలు, వర్క్‌బుక్కులు అందుతున్నాయి. బడి తెరిచిన మొదటి వారంలో పిల్లల మీద ప్రేమతో నోటు పుస్తకాలు కొనేసిన ఉపాధ్యాయులకు రెండు వారాల తరవాత అవే పుస్తకాల కట్టలు బడికి చేరడం చూడాల్సి వస్తుంది. ఆ రెండు వారాలకు పలక చాలు.

గోడకా, చేతికా

టీఎల్‌ఎం మేళాలు ఎంతో మేలు చేశాయి. పక్క బడిలో ఏం జరుగుతోందో చూసే అవకాశం మరెక్కడా అంతగా దొరకదు. కానీ అవి ఒక దురలవాటును కూడా నేర్పాయి. చూడటానికి అందంగా ఉండేదే మంచి సామగ్రి అనుకోవడం అలవాటైంది. మేళా ముందు రాత్రి థర్మోకోల్ పలకలు కోసి, రంగు కాగితాలు అతికించి, గ్లిట్టర్ చల్లి చేసిన సౌరకుటుంబం నమూనా ఆ రోజు అందరి మన్ననలూ పొందుతుంది. మరుసటి రోజు నుంచి దాన్ని బీరువా మీద పెడతారు, పిల్లలెవరూ ముట్టుకోకూడదు, ముట్టుకుంటే విరిగిపోతుంది. ఆ డబ్బుతో, అంతకంటే ఎక్కువగా ఆ రాత్రి నిద్రతో, పిల్లలు నేర్చుకున్నది చాలా తక్కువ. అందుకే నేను ఒక వస్తువు కొనేముందు దాని ధరను కాదు, ఈ ఏడాది ఎంతమంది పిల్లలు ఎన్నిసార్లు దాన్ని చేతిలోకి తీసుకుంటారన్నది లెక్క వేస్తాను. ఈ కొలతతో చూస్తే గోడ చార్టులు ఖరీదైనవిగా, చింతపిక్కలు వెలలేనివిగా తేలుతాయి.

చింతపిక్కల మాట ఊరికే అనలేదు. ఒకటి రెండు తరగతుల గణితానికి కావాల్సిన సామగ్రిలో ఎక్కువ భాగం ఊళ్లోనే ఉంది. చీపురు పుల్లలను సమానంగా తుంచి, పదేసి కట్టలు కట్టి, పది కట్టలను కలిపి ఒక పెద్ద కట్ట కడితే ఒకట్లు, పదులు, వందలు పిల్లల చేతిలో బరువుగా తెలుస్తాయి. తీసివేతలో అప్పు తెచ్చుకోవడం దగ్గర చాలామంది పిల్లలు ఆగిపోతారు. ఆ పిల్లవాడు కట్ట విప్పి పది పుల్లలు పక్కన పోసిన క్షణంలో అప్పు అంటే ఏమిటో అర్థమవుతుంది. కొన్న ప్లాస్టిక్ దిమ్మెలతో పదుల కడ్డీని విరగ్గొట్టడం కుదరదు కాబట్టి దాన్ని పెట్టెలో పెట్టి పది ఒకట్లను తెచ్చుకోవాలి. పుల్లల కట్టకు ఆ అవస్థ లేదు. కాబట్టి పుల్లల కట్ట డబ్బు లేక ఎంచుకున్నది కాదు, బోధనకు ఇదే మేలైనది. అయితే చిన్న గింజలను అంగన్‌వాడీ వయసు పిల్లల చేతికి ఒంటరిగా ఇవ్వకూడదు. ముక్కులో, చెవిలో పెట్టుకునే ప్రమాదం ఉంది. వారికి పెద్ద సీసాల ప్లాస్టిక్ మూతలు మంచివి.

పాత ఫ్లెక్సీలు మన ఊళ్లలో ఎన్నటికీ తరగని వనరు. పుట్టినరోజు శుభాకాంక్షలు, పండగ స్వాగతాలు దించేశాక వాటి వెనకవైపు తెల్లగా, తడికి తట్టుకునేలా ఉంటుంది. దాని మీద పర్మనెంట్ మార్కరుతో గీసిన సంఖ్యారేఖ, వైకుంఠపాళి, జిల్లా పటం నేల మీద పరిచి పిల్లలు నడిచినా చిరగవు. కాగితం చార్టు ఒక ఏడాది కూడా ఆగని చోట ఇది మూడు నాలుగేళ్లు వస్తుంది. తెలుగు బోధనలో దీని ఉపయోగం మరీ ఎక్కువ. ఒక్కో హల్లు గుణింతానికి ఒక్కో చార్టు రాయడం మొదలుపెడితే ముప్పై చార్టులు దాటుతాయి, గోడలు చాలవు. దానికి బదులు ఒక ఫ్లెక్సీ మీద పైవరుసలో గుణింతపు గుర్తులన్నీ రాసి, కింద గడులు ఖాళీగా వదిలి, హల్లుల కార్డులను పిల్లలే ఎడమవైపు పెట్టి, ఏ గడిలో ఏ అక్షరం వస్తుందో పలకల మీద రాస్తే ఆ ఒక్క ఫ్లెక్సీ అన్ని అక్షరాలకూ సరిపోతుంది. తలకట్టు ఎక్కడ పోయి ఎక్కడ గుడి వస్తుందో పిల్లలు తామే రాయాల్సి రావడం వల్ల, చూసి చదివే చార్టు కంటే ఇది బాగా నాటుకుంటుంది. పని అయిపోయిన ఫ్లెక్సీని మాత్రం తగలబెట్టకూడదు. అది పీవీసీ, దాని పొగ పిల్లలున్న చోట అసలు ఉండకూడదు.

హల్లుల కార్డులకు పెళ్లి శుభలేఖలు సరిపోతాయి. మాఘం, శ్రావణం దాటాక ఊళ్లో ప్రతి ఇంట్లో పదైనా ఉంటాయి. ఆ అట్ట దళసరి, బజారులో దొరికే డ్రాయింగ్ షీటు దాని ముందు నిలవదు. గడిచిన సంవత్సరం గోడ క్యాలెండర్లలోని అంకెలు సంఖ్యల కార్డులవుతాయి. బడికి వచ్చే దినపత్రికల శీర్షికల్లో ఒత్తులున్న పదాలను వెతికి కత్తిరించి అతికించే పని మూడో తరగతికి ఒక వారం సరిపడా భాషా పాఠం. దీనికి కావాల్సింది గమ్ము మాత్రమే, అది కూడా ఇంట్లో మైదాపిండి ఉడికించి చేసుకోవచ్చు. విజ్ఞానశాస్త్రం బోధించేవారు అరవింద్ గుప్తా గారి పనిని ఒక్కసారైనా చూడాలి. ఐఐటీ కాన్పూరులో చదివి, పారేసిన వస్తువులతో బొమ్మలు చేసి సైన్సు నేర్పడానికే జీవితాన్ని ఇచ్చిన ఆయనకు 2018లో పద్మశ్రీ వచ్చింది. సైకిలు వాల్వ్ ట్యూబు ముక్కలతో అగ్గిపుల్లలను కలిపి త్రిభుజం, చతురస్రం, ఘనం కట్టే ఆయన పద్ధతికి అయ్యే ఖర్చు సైకిలు షాపులో కొన్ని రూపాయలు. త్రిభుజం నొక్కినా కదలదని, చతురస్రం ఒరిగిపోతుందని పిల్లలు వేళ్లతో తెలుసుకుంటారు. వంతెనలకూ పైకప్పులకూ త్రిభుజాలే ఎందుకు వాడతారో తరవాత చెప్పడం తేలిక.

ఇక్కడ ఒక మాట దాచకూడదు. ఉచితంగా దొరికే వస్తువు నిజానికి ఉచితం కాదు, దానికి ఉపాధ్యాయుడి సాయంత్రాలు ఖర్చవుతాయి. ముఖ్యంగా ఇంటికెళ్లి వంట, పిల్లల చదువు చూసుకోవాల్సిన ఉపాధ్యాయినుల సమయాన్ని లెక్కలోకి తీసుకోకుండా చెప్పే పొదుపు సలహా అన్యాయం. అందుకే ఏరడం, కడగడం, తుంచడం, కత్తిరించడం పిల్లలకు బడి సమయంలోనే పనిగా ఇవ్వాలి. పుల్లలను సమానంగా తుంచడం కొలత పాఠం, కట్టలు కట్టడం లెక్కింపు పాఠం.

కాగితం మింగే డబ్బు

తరగతి ఖర్చులో ఎవరూ గమనించని పెద్ద పద్దు జిరాక్స్. అదే 24 మంది బడిలో వారానికి రెండు వర్క్‌షీట్ల చొప్పున 32 వారాలు ఇచ్చారనుకుందాం. మొత్తం 1,536 ప్రతులు. ప్రతికి రెండు రూపాయలు వేసుకున్నా 3,072 రూపాయలు, అంటే బడి ఏడాది గ్రాంటులో దాదాపు మూడో వంతు. పిల్లలు ఒక్కసారి రాసి పక్కన పడేసే కాగితానికి ఇంత పెట్టడం ఎంతమాత్రం సమంజసం కాదు. ప్రభుత్వం ఇచ్చిన వర్క్‌బుక్కులు సగం ఖాళీగా ఉండగా బయటి నుంచి వర్క్‌షీట్లు తెచ్చి జిరాక్స్ తీయించడం చాలా బడుల్లో జరుగుతోంది. ముందు అవి పూర్తి చేయించాలి. ఆ తరవాత కూడా కావాలనుకుంటే, తరగతిని ఆరుగురు చొప్పున నాలుగు జట్లు చేసి, ఒక్కో వర్క్‌షీటు ఆరేసి ప్రతుల చొప్పున నాలుగు రకాలు తీయించి, పారదర్శకమైన ప్లాస్టిక్ కవర్లలో పెట్టి ఇవ్వవచ్చు. పిల్లలు కవరు మీద స్కెచ్ పెన్నుతో రాసి, తడిగుడ్డతో తుడిచి పక్క జట్టుకు అందిస్తారు. 24 కాగితాలు, 24 కవర్లు వారమంతా నడుస్తాయి, కాగితాలు వచ్చే ఏడాదికి కూడా ఉంటాయి, కవర్లలోకి తరవాతి వారం మరో కాగితం వెళ్తుంది.

లామినేషన్ గురించి చాలామందికి ఉన్న నమ్మకాన్ని కొంచెం సవరించాలి. 50 కార్డుల కట్టను లామినేట్ చేయించడానికి 250 రూపాయలు అవుతుందని, లామినేషన్ లేని కట్టను ఏటా 60 రూపాయలతో కొత్తగా చేసుకుంటామని అనుకుంటే, నాలుగేళ్లకు రెండూ దాదాపు సమానం. కాబట్టి లామినేషన్ మిగిల్చేది డబ్బును కాదు, మళ్లీ మళ్లీ చేసే శ్రమను. ఏటా మారే వాటికి, ఒక్క పాఠానికే పనికివచ్చే వాటికి అది దండగ. అక్షరాలు, అంకెలు, నాణేల నమూనాలు వంటి ఎప్పటికీ మారని వాటికే చేయించాలి. వెడల్పాటి ప్యాకింగ్ టేపును రెండు వైపులా అతికించినా దాదాపు అంతే మన్నిక వస్తుంది.

కాగితాన్ని పొదుపు చేయడంలో పలకను మించినది ఇంతవరకు రాలేదు. మన మార్కాపురం పలకల పరిశ్రమకు పుట్టిల్లు. ఒక ప్రశ్న అడిగి, అందరూ పలక మీద జవాబు రాసి పైకెత్తి చూపమంటే 24 మందిలో ఎవరికి రాలేదో ఒక్క చూపులో తెలిసిపోతుంది. ఏ వర్క్‌షీటూ అంత త్వరగా ఆ సంగతి చెప్పదు. పలకను ఒకటో తరగతితో వదిలేయడం మనం చేసిన పొరపాటు, ఐదో తరగతి వరకు అది బడిలో ఉండాలి. ఏప్రిల్‌లో పిల్లల పాత నోటు పుస్తకాల్లో మిగిలిన తెల్ల కాగితాలను చించి, దబ్బనంతో కుట్టి చిత్తు పుస్తకాలు చేసుకోవడం మన చిన్నతనంలో ప్రతి ఇంట్లో ఉన్న పనే. ఇప్పుడు దాన్ని బడి పనిగా పెట్టుకోవచ్చు.

2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీలో వచ్చిన మార్పును కూడా జాబితా రాసేటప్పుడు చూసుకోవాలి. నోటు పుస్తకాలు, పెన్సిళ్లు, షార్పెనర్లు, క్రేయాన్లు, పటాలు, గ్లోబులు 12 శాతం నుంచి సున్నాకు వచ్చాయి. రబ్బర్లకు 5 శాతం పోయింది. జామెట్రీ పెట్టెలు 12 నుంచి 5 శాతానికి తగ్గాయి. దీనికి విరుద్ధంగా ప్రింటింగ్, జిరాక్స్‌కు వాడే కాగితం 12 నుంచి 18 శాతానికి పెరిగింది. అంటే పిల్లలు చేత్తో రాసేది చవకైంది, యంత్రం ముద్రించేది ప్రియమైంది. బిల్లులో నోటు పుస్తకాల మీద పన్ను వేసి ఉంటే అడిగి తీయించుకోవాలి.

కొనక తప్పనివి

ఇంత వడపోశాక మిగిలే జాబితాలో చాక్‌పీసులు, కొన్ని మార్కర్లు, కత్తెరలు, రంగులు, దారాలు, టేపు వంటివే ఉంటాయి. వీటిని హైదరాబాదు బేగంబజారులోనో విజయవాడ వన్‌టౌన్‌లోనో టోకుగా కొంటే తేడా నిజంగానే ఉంటుంది. అయితే అక్కడ డజన్ల లెక్కన, 144 ఉండే గ్రోసుల లెక్కన, కట్టల లెక్కన అమ్ముతారు. ఒక చిన్న బడికి అంత సరుకు అక్కర్లేదు, పైగా ఒక్కరి ప్రయాణపు ఖర్చే మిగులును తినేస్తుంది. చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు ఇందుకు సరైన వేదిక. పది బడుల జాబితాలను ఒకచోట చేర్చి, ఒక్కరు వెళ్లి, ఏ బడి సరుకుకు ఆ బడి పేరున విడి బిల్లు రాయించి తెస్తే లెక్కలకూ ఇబ్బంది ఉండదు. చాక్‌పీసుల్లో కాస్త ఎక్కువ ధర ఉన్న డస్ట్‌లెస్ రకం తీసుకోవడమే మంచిది. అవి బరువుగా ఉండి నెమ్మదిగా అరుగుతాయి, దుమ్ము తక్కువ. ఇరవై ముప్పై ఏళ్లు ఆ గదిలో గాలి పీల్చాల్సిన వారు రెండు రూపాయల కోసం ఆ విషయంలో రాజీ పడకూడదు.

పుస్తకాల విషయంలో తెలుగు ఉపాధ్యాయులకు ఇప్పుడున్నంత వెసులుబాటు ఎన్నడూ లేదు. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా ఉన్నాయి. వాటిని ముద్రించుకోవడానికి, మార్చుకోవడానికి కూడా అనుమతి ఉంది. నేషనల్ బుక్ ట్రస్టు, మంచి పుస్తకం ప్రచురణల పిల్లల పుస్తకాలు తక్కువ ధరకు దొరుకుతాయి. హైదరాబాదు, విజయవాడ పుస్తక ప్రదర్శనల్లో తగ్గింపు ఉంటుంది. ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంటు మీద బొమ్మల పుస్తకాలు ఏరుకోవడానికి ఒక పూట వెచ్చించిన వారు ఖాళీ చేతులతో తిరిగిరారు.

దాతల సంగతి. ఊరి పూర్వ విద్యార్థులు, విదేశాల్లో ఉన్న తెలుగువారు, తానా, ఆటా వంటి సంఘాలు బడులకు సాయం చేయడం మనకు కొత్త కాదు. 2021లో మొదలైన విద్యాంజలి పోర్టల్‌లో బడి తనకు కావాల్సిన వస్తువులను నమోదు చేసుకోవచ్చు. నగదు తీసుకోకుండా వస్తువుల జాబితా ఇవ్వడం, అందిన వాటికి రసీదు రాసి కమిటీ ముందు పెట్టడం అందరికీ మంచిది. ఒక విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. పెన్సిల్ పెట్టె ఇచ్చిన దాత పక్కన పిల్లవాడిని నిలబెట్టి ఫోటో తీయకండి. ఆ పెట్టె బడికి వచ్చింది, బడి నుంచి పిల్లవాడికి వెళ్లింది. ఆ బిడ్డ ఎవరికీ రుణపడలేదు.

ప్రైవేటు బడుల్లో చిన్న జీతాలకు పనిచేసే ఉపాధ్యాయుల పరిస్థితి దీనికంటే కష్టం. వారికి గ్రాంటు లేదు, తరగతి అలంకరణ పోటీలు మాత్రం ఉంటాయి. అక్కడ ఉపాధ్యాయులంతా కలిసి ఏడాది మొదట్లోనే సామగ్రి జాబితాను యాజమాన్యానికి రాతపూర్వకంగా ఇవ్వడం తప్ప మరో మార్గం నాకు కనిపించడం లేదు. ఒక్కరు అడిగితే అది వ్యక్తిగత ఇబ్బందిలా కనిపిస్తుంది, పదిమంది సంతకాలుంటే బడి ఖర్చుగా కనిపిస్తుంది. ఆ భారాన్ని ప్రాజెక్టుల పేరిట తల్లిదండ్రుల మీదకు తోయడం కూడా పరిష్కారం కాదు. అమెరికాలో బడి ఉపాధ్యాయులు తరగతికి పెట్టిన సొంత ఖర్చులో కొంత మొత్తాన్ని ఏటా పన్ను లెక్కలో తగ్గించుకోవచ్చు. మన దగ్గర జీతగాళ్లకు అలాంటి మినహాయింపు లేదు, కొత్త పన్ను విధానంలోని 75,000 రూపాయల స్టాండర్డ్ డిడక్షన్‌లోనే అన్నీ కలిసిపోతాయి. కాబట్టి సొంతంగా పెట్టిన ప్రతి రూపాయీ పన్ను కట్టిన తరవాత మిగిలిన రూపాయే.

అయినా కొంత సొంత డబ్బు పెట్టక తప్పని రోజులు వస్తాయి. ఏడుస్తూ నిలబడ్డ పిల్లవాడికి పలక కొనివ్వడానికి తీర్మానం కోసం ఎవరూ ఆగరు, ఆగకూడదు. ఆ ఖర్చును ఒక చిన్న పుస్తకంలో తేదీతో సహా రాసుకోండి. జనవరిలో వచ్చే ఏటి జాబితా తయారుచేసేటప్పుడు అదే అన్నిటికంటే నమ్మకమైన ఆధారం అవుతుంది. సొంతంగా కొన్న మన్నికైన వస్తువుల్లో ఏవి బడికి ఇచ్చేశారో, ఏవి మీవో అప్పుడే తేల్చుకోవాలి. బడికి ఇచ్చినవి స్టాక్ రిజిస్టరులో ఎక్కించాలి, మీవి మీ పేరు రాసిన పెట్టెలో ఉండాలి. బదిలీ ఉత్తర్వు వచ్చిన రోజు బీరువా తాళంచెవి అప్పగిస్తూ గుర్తు తెచ్చుకుని చెప్పేవాటికి లెక్క ఉండదు. కొత్తగా వచ్చే ఉపాధ్యాయురాలు రిజిస్టరు తెరిచి, 40 చీపురు పుల్లల కట్టలు, 3 ఫ్లెక్సీ పటాలు, 24 ప్లాస్టిక్ కవర్లు, 2 పెట్టెల చాక్‌పీసులు అని చదువుకోగలిగితే ఆమె జూన్ 12న దుకాణానికి పరుగెత్తాల్సిన పని ఉండదు.